పాత తెరచాప పడవ బాగుచేసుకోవాలంటే విశాఖలో ఏది కొంటే మంచిది?

కన్నం పడిన పడవైనా కొనండి గానీ మాస్టు (తెరచాపను కట్టే నిలువు స్తంభం) లేని పడవ మాత్రం కొనకండి. పాత తెరచాప పడవ ఒకటి కొని ఇంటి దగ్గరే బాగుచేసుకుందామనుకుంటున్నాం, ఏది కొనమంటారు అని అడిగినవాళ్లందరికీ నేను ముందు చెప్పే మాట ఇదే. చాలామంది నమ్మరు. కన్నం కంటికి కనబడుతుంది కాబట్టి భయపెడుతుంది. లేని సామాను కనబడదు కాబట్టి దాని జోలికి ఎవరి ఆలోచనా పోదు.

విశాఖలో ఈ లెక్క ఇలా ఎందుకు తిరగబడిందో చెబుతాను. ఫిషింగ్ హార్బర్ నుంచి జాలరిపేట, మంగమారిపేట మీదుగా భీమిలి దాకా ఒడ్డు పొడుగునా ఫైబర్ పడవలే. అవి రాళ్లకు తగులుతాయి, ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి, ఇసుక మీద ఈడ్చీ ఈడ్చీ అడుగు అరిగిపోతుంది. వాటికి అతుకులు వేసే చేతులు ఈ ఊళ్లో ఉన్నాయి. అతుకులకు వాడే రెసిన్ (గట్టిపడే జిగురు), మ్యాట్ (గాజుపీచు పొర) అమ్మే షాపులూ ఉన్నాయి. అంటే డొప్ప పని, పడవ ఒంటి పని, ఇక్కడ దొరికే పని. కానీ ఆ పడవలు నడిచేది ఇంజన్ మీద. ఆటల తెరచాప పడవకు కావలసిన అల్యూమినియం మాస్టు, బూమ్ (తెరచాప అడుగును పట్టి ఉంచే అడ్డకర్ర), చిన్న చిన్న కప్పీలు, చుక్కానిని వెనక తగిలించే బందులు ఇక్కడి బజారులో అడిగితే ముఖం చూస్తారు. ముంబై నుంచో చెన్నై నుంచో తెప్పించుకోవాలి, కొన్నింటికి విదేశాల దారి చూడాలి.

ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్నదే. మొదటిసారి కొన్నది ఇద్దరు నడిపే ప్లైవుడ్ పడవ. వార్నిష్ నిగనిగలాడుతోంది, చూడగానే పడిపోయాను. బూమ్ లేదు, చుక్కాని లేదు, సెంటర్‌బోర్డు (పడవ పక్కకు జారకుండా నీళ్లలోకి దింపే పలక) సగం విరిగి ఉంది. 'అవెంతలే, చేయించుకోవచ్చు' అన్నాడు అమ్మినాయన. డొప్ప పని రెండు నెలల్లో అయిపోయింది. మిగతా సామాను కోసం ఏడు నెలలు ఎదురుచూశాను. ఆ ఏడు నెలలూ పడవ మా పెదవాల్తేరు ఇంటి కారు షెడ్డులో, కారు వీధిలో.

ఏ రకం పడవ

మన దేశంలో సెకండ్ హ్యాండ్‌లో కాస్త దొరికే చిన్న తెరచాప పడవల్లో ముఖ్యంగా మూడింటిని పోల్చి చూడొచ్చు. ఆప్టిమిస్ట్, లేజర్, ఎంటర్‌ప్రైజ్. ఎక్కువగా హైదరాబాదు, చెన్నై, ముంబై క్లబ్బులు పక్కన పెట్టేసినవే వస్తాయి.

ఆప్టిమిస్ట్ పిల్లల పడవ. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ దీన్ని పిల్లల కోసమే గీశాడు. పొడవు 2.3 మీటర్ల పైచిలుకు, డొప్ప బరువు 35 కిలోలు. పోటీల్లో 15 ఏళ్ల దాకా పిల్లలే నడుపుతారు. ముందు భాగం కోసినట్టు చదరంగా ఉంటుంది, చూడ్డానికి స్నానాల తొట్టిలా ఉందని మా ఆవిడ అంది. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకు మాత్రం ఇంతకు మించినది లేదు. పక్కకు తిప్పి పట్టుకుంటే మూడడుగుల తలుపులోంచి పోతుంది, ఇద్దరు కలిసి మెట్ల మీదుగా డాబా పైకి ఎక్కించొచ్చు. పని నేర్చుకోవడానికీ ఇదే మంచిది. చిన్న పడవ కాబట్టి చేసిన తప్పుకు ఖర్చు కూడా చిన్నదే.

లేజర్ ఒక్కరు నడిపేది. కెనడాకు చెందిన బ్రూస్ కర్బీ గీసిన పడవ, 1970 దశకం మొదట్లో అమ్మకానికి వచ్చింది. ఇప్పుడు కొత్తవాటిని ఇల్కా అనే పేరుతో అమ్ముతున్నారు, పడవ అదే. పొడవు 4.2 మీటర్లు, డొప్ప 59 కిలోలు, మాస్టు రెండు ముక్కలుగా విడిపోతుంది, నిలబెట్టడానికి తీగలు అక్కర్లేదు. ప్రపంచమంతా లక్షల్లో నడుస్తున్న తరగతి కాబట్టి విడిభాగం ఏది కావాలన్నా ఎక్కడో ఒకచోట తయారుగా ఉంటుంది. పెద్దవాళ్లలో మొదటిసారి కొనేవాళ్లకి నేను లేజరే చెబుతాను. డబ్బా మూసినట్టు పై కప్పు, డొప్ప కలిసి అతుక్కుని ఉండటం ఒక్కటే దీనిలో ఇబ్బంది. లోపల ఏం జరుగుతోందో కనబడదు.

ఎంటర్‌ప్రైజ్ ఇద్దరిది, నీలం తెరచాపలది. జాక్ హోల్ట్ 1956లో గీశాడు. ఇంట్లో ప్లైవుడ్‌తో కట్టుకునేలా గీసిన పడవ కాబట్టి ఇంట్లో బాగుచేయడానికీ లొంగుతుంది. ఫైబర్‌వీ ఉన్నాయి. 4 మీటర్ల పొడవు, డొప్ప 90 కిలోల పైనే, వెడల్పు మీటరున్నర దాటుతుంది. కారు షెడ్డు ఉన్న సొంత ఇల్లయితే సరే. తీగలు, రెండు తెరచాపలు, కప్పీలు అన్నీ కలిపి సామాను జాబితా లేజర్‌ కన్నా బాగా పెద్దది. నా మొదటి తప్పు ఈ సైజులోనే జరిగింది.

పాత ఫైబర్ తెప్ప ఒకటి చవగ్గా కొని దానికే చాప కడితే పోలేదా అని జాలరిపేట కుర్రాళ్లు నన్ను ఏడిపిస్తుంటారు. వాళ్ల తాతలు చాపలు ఎత్తి వేటకు వెళ్లినవాళ్లే, మాట తీసిపారేయలేం. అయితే ఇప్పటి ఫైబర్ పడవ ఇంజన్ కోసం చేసినది. కిందకి దిగే పలక లేదు కాబట్టి గాలికి ఎదురు వెళ్లమంటే పక్కకు జారిపోతుంది. గాలి వాలున సరదాగా పోవచ్చు, తిరిగి రావడానికి తెడ్డు వేయాలి. ఒంటరిగా ఒడ్డుకు లాగలేరు కూడా. వద్దంటాను.

చూడ్డానికి వెళ్లినప్పుడు

ఒక చిన్న సుత్తి, స్క్రూడ్రైవరు, బాత్రూమ్ తూకం, అర లీటరు నీళ్ల సీసా పట్టుకెళ్లండి. కొనేవాడికి ఏదో తెలుసు అని అమ్మేవాళ్లు అనుకోవడం కూడా లాభమే.

ఫైబర్ పడవ అయితే సుత్తి పిడితో అడుగంతా తడుతూ పోండి. గట్టిగా ఉన్నచోట టక్ టక్ అని మోగుతుంది, పొరలు విడిపోయినచోట గుమ్మడికాయ మీద కొట్టినట్టు మొద్దుగా వినిపిస్తుంది. తర్వాత తూకం. ముందు కొసను తూకం మీద, వెనక కొసను అదే ఎత్తున ఇటుకల మీద పెట్టి అంకె రాసుకోండి, తర్వాత అటూ ఇటూ మార్చండి. రెండూ కలిపితే పడవ బరువు. 59 కిలోలు ఉండాల్సిన లేజర్ 70 చూపిస్తే లోపల నీళ్లు గానీ, ఎవరో లోపల పోసిన అతుకుల రెసిన్ గానీ ఉన్నట్టు. లేజర్‌కైతే ఇంకొక్క పరీక్ష తప్పనిసరి. మాస్టు దిగే గొట్టంలో నీళ్లు పోసి, మట్టం దగ్గర గీత పెట్టి టీ తాగి రండి. నీళ్లు దిగిపోయి ఉంటే ఆ గొట్టం అడుగున అతుకు వీడింది. అలాగే నడిపితే పెద్ద గాలిలో మాస్టు పై కప్పును చీల్చుకుని పక్కకు ఒరుగుతుంది. బాగుచేయొచ్చు, కానీ ధర దింపడానికి ఇంతకన్నా మంచి కారణం ఉండదు.

కర్ర పడవను కళ్లతో కాదు, స్క్రూడ్రైవరుతో చూడాలి. పెయింటు ఎంత అందంగా ఉంటే అంత అనుమానించండి. వెనక పలక అడుగు మూలలు, సెంటర్‌బోర్డు పెట్టె డొప్పను కలిసేచోటు, మాస్టు కూర్చునే దిమ్మ కింద. ఈ మూడు చోట్ల మెల్లగా గుచ్చండి. మంచి కర్ర ఎదురు తిరుగుతుంది, కుళ్లిన కర్ర పాత రొట్టెలా లోపలికి పోనిస్తుంది. అరచేయంత కుళ్లు ఒకటి రెండు చోట్ల ఉంటే కోసేసి కొత్త ముక్క వేయొచ్చు. అంతకు మించితే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. హుస్సేన్ సాగర్‌లో తిరిగిన పడవ మంచినీళ్లది కాబట్టి మేలు అనుకుంటారు. స్టీలు, అల్యూమినియం సామానుకు అది నిజమే. కర్రకు మాత్రం తలకిందులు. కర్రను కుళ్లబెట్టే బూజుకు ఉప్పు పడదు. వాననీళ్లు, మంచినీళ్లు నిలిచినచోటే కుళ్లు మొదలవుతుంది. సముద్రంలో కర్రకు శత్రువు తొలిచే పురుగు. విశాఖ హార్బర్‌లో ఈ పురుగుల మీద ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లు 1950లలోనే పరిశోధనలు చేశారు. అయితే రోజూ ఒడ్డుకు లాగేసే చిన్న పడవకు ఆ బెడద ఉండదు. కాబట్టి హైదరాబాదు నుంచి ఫైబర్ పడవ తెచ్చుకోండి, కర్రదైతే గుచ్చి గుచ్చి చూడండి.

ఇత్తడి స్క్రూలు ఎర్రగా, రాగి రంగుకు తిరిగి ఉంటే వాటిలోని జింకు ఉప్పునీళ్లకు పోయిందని అర్థం. వేలితో తిప్పితే విరుగుతాయి. మార్చేటప్పుడు స్టెయిన్‌లెస్ స్టీలులో 304 రకం కాదు, ఉప్పుకు ఎక్కువ తట్టుకునే 316 రకం అడగండి.

పాలియెస్టరా, ఎపాక్సీనా

ఇవి అతుకులకు వాడే రెండు రకాల రెసిన్లు. ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. ఎపాక్సీ పాలియెస్టర్‌ కన్నా మూడు నాలుగు రెట్లు ఖరీదు. వీడియోలు చూసి వచ్చినవాళ్లు అన్నిటికీ ఎపాక్సీయే అంటారు, మన హార్బర్ పనివాళ్లు అన్నిటికీ పాలియెస్టరే అంటారు. ఇద్దరి మాటా సగమే నిజం.

కర్ర పడవకు ఎపాక్సీ తప్ప ఇంకోటి వాడొద్దు. పాలియెస్టర్ గట్టిపడేటప్పుడు కుంచించుకుపోతుంది, కర్రను గట్టిగా పట్టుకోదు. రెండు వానాకాలాలు తిరిగేసరికి అట్టలా లేచి వస్తుంది, ఆ లేచిన పొర కింద తడి చేరి కర్ర కుళ్లుతుంది. పైగా బాగుచేశాం కదా అని మీరు నిశ్చింతగా ఉంటారు. కొన్నవాటిలో నేను చూసిన ఘోరమైన కుళ్లంతా ఇలాంటి ఫైబర్ తొడుగు కిందే.

ఫైబర్ పడవకు మామూలు కన్నాలు, గీతలు, అరిగిన అడుగు అయితే పాలియెస్టర్ చాలు. నీళ్లలో ఉండే భాగానికి జీపీ (మామూలు రకం) రెసిన్ కాకుండా ఐసో (నీళ్లకు ఎక్కువ తట్టుకునే రకం) రెసిన్ అడగండి, తేడా పెద్ద డబ్బు కాదు. పైన జెల్‌కోట్ (ఫైబర్ పడవ పైన నిగనిగలాడే రంగు పూత) వేసి అసలు రంగు తెచ్చుకోవాలనుకుంటే పాలియెస్టరే దారి, ఎందుకంటే ఎపాక్సీ మీద జెల్‌కోట్ సరిగ్గా పట్టదు. ఎపాక్సీని ఫైబర్ పడవలో రెండు మూడు చోట్లకే దాచుకోండి. మాస్టు గొట్టం అడుగు, కప్పు డొప్ప కలిసే అంచు, చుక్కాని బందులు బిగించే చోటు. బలం పడేది అక్కడే, అతుకు ఊడకూడనిదీ అక్కడే. ఎపాక్సీతో మామూలు చాప్డ్ మ్యాట్ (తరిగిన గాజుపీచు మ్యాట్) వాడకండి, దాన్ని అంటించి ఉంచే బంక ఎపాక్సీలో కరగదు. నేసిన గ్లాసు గుడ్డ తీసుకోండి.

ఏది వాడినా అతుకు బలం అంచు చెక్కడంలో ఉంది. కన్నం మీద పైపైన మ్యాట్ పెట్టి రెసిన్ పూసేస్తే అది అతుకు కాదు, బిళ్ల. డొప్ప మందానికి 12 రెట్లు దూరం చుట్టూ ఏటవాలుగా చెక్కాలి. 3 మిల్లీమీటర్ల డొప్పకు దాదాపు అంగుళంన్నర. అంత పెద్ద గుంట చూసి కంగారు పడకండి. 450 గ్రాముల మ్యాట్ ఒక పొర ఇంచుమించు ఒక మిల్లీమీటరు మందం ఇస్తుంది, మూడు పొరలతో నిండిపోతుంది.

మన వాతావరణంతో రెండింటికీ పేచీయే. మే నెల మధ్యాహ్నం పాలియెస్టర్ కలిపే కప్పులోనే గడ్డకట్టి పొగలు కక్కుతుంది. కేటలిస్ట్ (రెసిన్ గట్టిపడేలా కలిపే మందు) మామూలుగా ఒకటి రెండు శాతం, అంటే కిలో రెసిన్‌కు 10 నుంచి 20 గ్రాములు. ఎండలో పది గ్రాముల దగ్గరే ఉండండి, అంతకు తగ్గించకండి, పూర్తిగా గట్టిపడదు. తెల్లవారుజామున పని చేయండి, చిన్న చిన్న కప్పుల్లో కలపండి. ఎపాక్సీలో ఈ సర్దుబాటు లేదు, డబ్బా మీద రాసిన పాళ్లే కలపాలి. గాలిలో తడి ఎక్కువున్నప్పుడు దాని మీద జిడ్డులాంటి మైనపు పొర తేలుతుంది. దాన్ని ఇసుక కాగితంతో రుద్దితే లోపలికి పోతుంది. ముందు నీళ్లతో, గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచుతో కడిగి ఆరాక అప్పుడు రుద్దాలి.

షాపులో అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. 'ఇందులో యాక్సిలరేటర్ కలిపి ఉందా?' యాక్సిలరేటర్ అంటే గట్టిపడే వేగం పెంచే మందు. అది కలిపి లేకపోతే ఊదారంగు కోబాల్ట్ సీసా విడిగా ఇస్తారు. ముందు కోబాల్ట్‌ను రెసిన్‌లో బాగా కలిపేసి, ఆ తర్వాతే కేటలిస్ట్ వేయాలి. ఆ రెండింటినీ నేరుగా ఒకదానిలో ఒకటి ఎప్పుడూ పోయకండి, మంట గానీ పేలుడు గానీ తప్పదు. రెండు సీసాలనూ ఒకే సంచిలో కూడా నేను తేను. డబ్బా మీద తారీఖూ చూడండి. ఒక షాపులో నాకు అంటగట్టిన రెసిన్ మూత తీస్తే బెల్లం పాకంలా తీగలు సాగింది. వెనక్కి తీసుకోమంటే తీసుకోలేదు.

అపార్ట్‌మెంట్ వాళ్లకు ఇంకో మాట. పాలియెస్టర్ వాసన నాలుగు అంతస్తులు పోతుంది. సెల్లారులో స్కూటర్ల పక్కన ఈ పని పెట్టుకోకండి. 2023 నవంబరులో ఫిషింగ్ హార్బర్‌లో ఒక్క రాత్రిలో పదుల కొద్దీ బోట్లు తగలబడటం ఈ ఊరంతా చూసింది. ఫైబర్ అంటుకుంటే ఎలా మండుతుందో వేరే చెప్పక్కర్లేదు. డాబా మీద చేసుకోండి, రెసిన్ గట్టిపడుతున్న కప్పును చెత్తబుట్టలో పడేయకుండా నీళ్ల బకెట్‌లో పెట్టండి. దుమ్ముకు వేరే మాస్కు, వాసనకు క్యాట్రిడ్జి మాస్కు (ఆవిరిని పీల్చే డబ్బాలు బిగించినది). గుడ్డ మాస్కు రెండింటికీ పనికిరాదు.

ప్లైవుడ్, తెరచాప, రంగు

ప్లైవుడ్ కొనేటప్పుడు 'వాటర్‌ప్రూఫ్' అనే మాట నమ్మకుండా ఐఎస్ 710 ముద్ర చూడండి. 303 ముద్ర ఉన్నది ఇంటి సామానుకు, పడవకు కాదు. అనుమానం ఉంటే చిన్న ముక్క కోసి గిన్నెలో గంటల తరబడి ఉడకబెట్టండి. పొరలు విడిపోతే ఆ షాపు మారండి.

పాత తెరచాపలో ముందు పోయేది గుడ్డ కాదు, దారం. కుట్టు మీద గోటితో గీరండి. దారం పొడిలా రాలితే ఎండ తినేసిందన్నమాట. గుడ్డ ఇంకా బిగువుగా ఉంటే టార్పాలిన్లు కుట్టేవాళ్ల దగ్గర పాలియెస్టర్ దారంతో జిగ్‌జాగ్ కుట్టు మళ్లీ వేయించుకోవచ్చు. గుడ్డే చిరుగుతుంటే కొత్తది కొనాల్సిందే. ఆ ఖర్చు కొన్నిసార్లు పాత పడవ ధరనే దాటుతుంది, బేరం ఆడేటప్పుడు గుర్తుంచుకోండి. నేర్చుకునే ఏడాదికి ముడతలు పడ్డ పాత చాప చాలు.

రంగు సంగతి తేలిక. ఒడ్డున ఉండే పడవ కాబట్టి పాచి పట్టని ప్రత్యేక రంగులు అక్కర్లేదు. గాజువాక ఆటోనగర్‌లో దొరికే కార్ల పీయూ (పాలియురేథేన్) పెయింటు గట్టిగా ఉంటుంది, కానీ స్ప్రే చేస్తే ఆ ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు, రోలర్‌తో వేయండి. మామూలు ఎనామెల్ అయినా రెండేళ్లు ఆగుతుంది. ఎపాక్సీ పూసిన చోటు మాత్రం రంగు గానీ వార్నిష్ గానీ లేకుండా ఎండలో వదలకండి, పసుపెక్కి పొడిబారిపోతుంది.

ఎప్పుడు, ఎవరితో

పనివాళ్లను పెట్టుకోవాలనుకుంటే వేట నిషేధం రోజులు, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర్చిపోండి. మరపడవలన్నీ ఒడ్డున చేరి రిపేర్లు చేయించుకునే 61 రోజులవి. మీ చిన్న పడవ వంక ఎవరూ చూడరు. సంక్రాంతి దాటాక పిలవండి. గాలిలో తడి కాస్త తగ్గి, ఎండ ఇంకా ముదరని ఆ రెండు నెలలే ఎపాక్సీకీ రంగుకూ మంచివి.

నన్నడిగితే పెద్ద కన్నం పూడ్చడానికి ఒక రోజు ఫైబర్ మేస్త్రిని పిలిచి పక్కన నిలబడి చూడండి, మిగతాది మీరే చేసుకోండి. ఆయన చేతివేగం మీకు రాదు. కానీ ఆయనకు బరువుతో పని లేదు, వేటపడవకు నాలుగు పొరలు ఎక్కువ పడినా నష్టం లేదు. మీ పడవకు ఉంది. 'సన్నగా వేయండి బాబూ' అని పది సార్లు చెప్పాల్సి వస్తుంది. రుద్దడం, రంగు, తాళ్లు, కప్పీలు మాత్రం కూలికిచ్చే పని కాదు. అంత ఓపిక ఇంకొకరి పడవ మీద ఎవరికీ ఉండదు.

అక్టోబరు వచ్చేసరికి పని ఎక్కడున్నా ఆపేసి పడవను బోర్లించి కట్టేయండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. డాబా మీద ఉంటే రెండు తాళ్లు అడ్డంగా వేసి పిట్టగోడకు కాదు, శ్లాబులో దిగిన కొక్కేలకు కట్టండి.

మొదటిసారి నీళ్లలో దింపేది ఆర్కే బీచ్‌లో కాదు. అక్కడ అల ఒడ్డు మీదే విరిగి పడవను ఎత్తేస్తుంది. రుషికొండలోనో, గోస్తనీ సముద్రంలో కలిసే భీమిలి వైపో, సముద్రపు గాలి లేవకముందు పొద్దున్నే, అనుభవం ఉన్నవాళ్లను వెంటపెట్టుకుని, లైఫ్ జాకెట్ వేసుకుని దింపండి. హార్బర్ దారి, నేవీ వైపు నీళ్ల జోలికి పోకండి. నడుము లోతులో అరగంట తేలనిచ్చి, ఒడ్డుకు లాగి లోపలి నీళ్లు కొలవండి. గ్లాసుడు వస్తే మామూలే. బకెట్ వస్తే అతుకులన్నీ వెతికే ముందు వెనక నీళ్లు వదిలే రంధ్రానికి బిరడా పెట్టారో లేదో చూసుకోండి. నేను ఆ రోజు సాయంత్రం దాకా అతుకులే వెతికాను, బిరడా నా చొక్కా జేబులో ఉంది.